ఉంగరానికి తగిన రోజు

గోదారి పెద్ద వరద వెళ్ళిన మూడో ఏడు ఇది జరిగింది.

ఆ వరదలో నేను కాలవకి నీళ్ళు వదిలే మా లాకు దగ్గర రెండు రోజులు కదలకుండా ఉండి షట్టరు దించి కాపాడాను. కాలవకి గండి పడలేదు. నేను చేసింది అంతే. దానికి నన్ను సన్మానించాలని మా కాలవల శాఖవారు ఆ వారంలోనే అనుకున్నారట. మూడో ఏటికి కబురు వచ్చింది. మా శాఖలో అది పరుగు కిందే లెక్క.

నా పేరు నూకయ్య. లస్కరు ఉద్యోగం. కాలవ షట్టరు ఎత్తేవాడినీ దించేవాడినీ లస్కరు అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎత్తాను, దించాను. దాని గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. ఉంగరం గురించే చెప్పాలి.

అప్పటిదాకా మా శాఖలో సన్మానమంటే శాలువా. ఆ ఏడు పైనుంచి ఒక ప్రశ్న దిగింది. ఇచ్చిన శాలువాలు రోజూ వాడుతున్నారా, లేదా? జిల్లా అంతా మనుషులు తిరిగి చూసి వచ్చారు. నలభై మూడు శాలువాల్లో ముప్పై పెట్టెల అడుగున ఉన్నాయి. తొమ్మిది ఇంకొకరి సన్మానానికి వెళ్ళిపోయాయి. మూడింటిని ఎలకలు కొట్టాయి. ఒక్కటి మాత్రం రోజూ వాడకంలో కనిపించింది. అది ఒక గేదె మీద ఉంది.

దాంతో ‘నిత్యధారణ సత్కార పథకం’ పుట్టింది. ఇకమీదట ఎవరిని సన్మానించినా, మనిషి రోజూ ఒంటి మీద పెట్టుకునే వస్తువే ఇవ్వాలి. చొక్కా అన్నారు. ఉతికిన రోజు ఏం చేస్తాడని కొట్టేశారు. చెప్పులన్నారు. శాఖ గౌరవం కాళ్ళ కింద పడుతుందని కొట్టేశారు. చివరికి ఉంగరం దగ్గర ఆగారు. ఉత్త ఉంగరం శాఖ స్థాయికి చాలదని వజ్రం చేర్చారు.

మా కార్యనిర్వాహక ఇంజనీరు పరబ్రహ్మంగారు నన్ను పిలిపించారు. పక్కన హెడ్ క్లర్కు సోమేశంగారు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“నూకయ్యా, శాఖ నీ చేతిని గుర్తించింది” అన్నారు పరబ్రహ్మంగారు.

“ఆయ్” అన్నాను.

“నిన్ను కాదు సుమా, చేతిని. వ్యక్తులు వస్తారు, పోతారు. వరదను నిలువరించినది హస్తము. కావున హస్తమునకే సత్కారము. రోజూ ధరించుటకు వజ్రపుటుంగరము.”

“ఉంగరం వద్దండి. షట్టరుని పైకి లాగే ఇనప ఊసకి మర అరిగిపోయింది. కొత్త ఊస ఇప్పిస్తే చాలు.”

“అది మరమ్మతు. ఇది సత్కారం. రెంటినీ కలుపరాదు” అన్నారు. సోమేశంగారు ‘కలుపరాదు’ అని రాసుకున్నారు.

ఇంటికి వచ్చి మంగాయమ్మకి చెప్పాను. మా ఆవిడ. నేను రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే మిగతావన్నీ ఆవిడే మాట్లాడుతుంది.

“వజ్రమా? వజ్రం అందరికీ పడదయ్యా! మా మేనత్త మొగుడికి పడక, పెట్టుకున్న మూడోనాడు మేడ మీంచి పడ్డాడు. ఆ మేడ కూడా ఆళ్ళది కాదు. ముందు మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకుని పడుకో. మంచి కలలొస్తే పెట్టుకో, లేపోతే ఆళ్ళ మొహాన కొట్టు.”

ఈ మాట నేను కమిటీలో చెప్పకుండా ఉండాల్సింది. మాట్లాడని మనిషి మాట్లాడితే ఇలాగే అవుతుంది.

ఉంగరం ఎంపికకి అయిదుగురి కమిటీ వేశారు. పరబ్రహ్మంగారు, సోమేశంగారు, ఇంకో ముగ్గురు. ఆ ముగ్గురి పేర్లు నాకు చివరిదాకా తెలియలేదు. అందరం కంసాలి లింగాచారిగారి కొట్టుకి వెళ్ళాం. ఆయన పనితనం తెలిసినవాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, నా చెయ్యి తిరగేసి చూశాడు. కాయలు కాసిన అరచెయ్యి, బొమిక లావెక్కిన వేళ్ళు.

“రోజూ పెట్టుకోడానికంటున్నారు కదండి” అన్నాడు. “అయితే రాయి చిన్నది తీసుకోండి. బంగారం అంచులోకి దించి కట్టేస్తాను, పైకి తేలదు. తువ్వాలుకి తగులుకోదు, గోడకి రాసుకున్నా ఏం కాదు. రోజూ పెట్టుకునే ఉంగరం, పెట్టుకున్నోడికే గుర్తుండకూడదండి.”

“గుర్తుండకపోతే సత్కారమెట్లగును?” అన్నారు పరబ్రహ్మంగారు. “సభలో ఆఖరి వరసవారికి కనపడవలెను. ముప్పది అడుగులు.”

టేపు తెప్పించారు. కొట్టు గుమ్మం దగ్గర నుంచి వీధిలోకి ముప్పై అడుగులు కొలిస్తే అది ఎదురుగా ఉన్న ఉల్లిపాయల బండి దగ్గర తేలింది. సోమేశంగారు వెళ్ళి ఉల్లిపాయల పక్కన నిలబడ్డారు. నేను గుమ్మంలో చెయ్యెత్తి నిలబడ్డాను. ఒక్కో ఉంగరం తొడగడం, ఆయన అక్కడి నుంచి “లేదండీ” అని అరవడం. నాలుగో ఉంగరానికి “కనపడుతోంది, కనపడుతోంది!” అని గెంతారు. ఉల్లిపాయలవాడు కూడా కనపడుతోందని సాక్ష్యం చెప్పాడు.

ఆ ఉంగరం ఎలాగుందంటే, నాలుగు సన్నటి కొక్కేలు పైకి లేచి, వాటి కొసన రాయి. చేలో మంచె మీద కాపలావాడు కూర్చున్నట్టుంది.

లింగాచారి తల పట్టుకున్నాడు. “ఇది పేరంటానికండి బాబూ. మెత్తటి చేతులాళ్ళు మడత చీర కట్టుకున్న రోజున పెట్టుకునేది. రోజూది కాదండి.”

“రోజూ ధరించునది అని మేము ఉత్తర్వులో వ్రాసెదము. అప్పుడు రోజూది అగును” అన్నారు పరబ్రహ్మంగారు.

లింగాచారి ఉంగరాన్ని డబ్బీలో పెట్టి ఇచ్చేశాడు.

తర్వాత తలగడ సంగతి వచ్చింది. కమిటీ దాన్ని ‘సంప్రదాయ పరీక్ష’ అంది. అయితే పరీక్ష పూర్తికాని విలువైన వస్తువును కింది ఉద్యోగి తలగడ కింద ఉంచరాదట. అందుకని పరబ్రహ్మంగారి తలగడ కింద పెట్టారు. నాలుగో రోజు నివేదిక చదివారు. మొదటి రాత్రి కలలు శూన్యము. రెండవ రాత్రి ఏనుగు, శుభము. మూడవ రాత్రి పదోన్నతి, అతి శుభము.

“మరింకేం, ఆ ఉంగరం ఆయనకే పడింది” అంది మంగాయమ్మ. “నీకు పడుతుందో లేదో ఆయన తలగడేం చెప్తాది?”

సన్మానానికి నాలుగు రోజులుందనగా సోమేశంగారికి ఒక అనుమానం వచ్చింది. ఉత్తర్వులో ‘రోజూ’ అని ఉంది. నూకయ్య రోజు ఎలాంటిదో శాఖకు తెలుసా? తెలియదు. అప్పుడు ఆ పేరు తెలియని ముగ్గురిలో ఒకాయన్ని నా వెనక తిప్పారు. తెల్లారినప్పటి నుంచి దీపాల వేళ దాకా నా కుడి చెయ్యి ఏం చేస్తే అది రాసుకున్నాడు. పాపం మంచివాడు. రెండుసార్లు కాలవలో జారాడు.

నివేదిక ఇది. హస్తము గ్రీజు డబ్బాలో మునిగినది. షట్టరు చక్రము త్రిప్పినది. గుర్రపుడెక్క తీగలు పీకినది. చచ్చిన కోడిని నీటి నుండి తీసినది. తాడు లాగినది. ముల్లు తీసినది. పులుసన్నము కలిపినది. గేదెను అదిలించినది. మొత్తము నాలుగు వందల పన్నెండు కార్యములు. ఇందు ఉంగరమునకు యోగ్యమైనవి రెండు. ఒకటి నమస్కారము, రెండు నిద్ర.

“సమస్య గంభీరమైనది” అన్నారు పరబ్రహ్మంగారు. “ఉంగరమునకు, రోజునకు పొత్తు కుదరుట లేదు. రెంటిలో ఒకటి మారవలెను.”

“లింగాచారిగారు చిన్న రాయి కడతానన్నారండి” అన్నాను.

“ఉంగరం మంజూరైనది నూకయ్యా. మంజూరైన దానిని మార్చరాదు. నీ రోజును ఎవరు మంజూరు చేశారు?”

నేను ఆలోచించాను. నిజమే. ఎవరూ చెయ్యలేదు.

కాబట్టి రోజును మార్చారు.

సన్మానం పందిరి మా లాకు పక్కనే కాలవ గట్టున వేశారు. అతిథుల మీద నీటి తుంపర పడకూడదని ముందురోజు నాచేతనే షట్టరు పూర్తిగా దింపించారు. సభలో ఏడుగురు మాట్లాడారు. అందరూ చేతి గురించే. చివర్న ఉంగరం నా వేలికి తొడిగారు. ఎప్పుడూ తీయకుండా ఉండాలని ఉంగరం మొదట్లో వేలి చుట్టూ దారం చుట్టి, దాని మీద లక్క కరగబోసి శాఖ ముద్ర గుద్దారు. కాలింది. నేను చెయ్యి విదిలించాను. వెలుగు తళుక్కుమని ఆఖరి వరసదాకా వెళ్ళిందట. చప్పట్లు కొట్టారు.

మర్నాటి నుంచి నా కొత్త రోజు మొదలైంది. లాకు మీద కుర్చీ వేశారు. కుర్చీ పక్కన ముక్కాలి పీట, పీట మీద ఎర్ర పట్టు దిండు, దిండు మీద నా చెయ్యి. మొత్తం పదకొండు నిబంధనలు. ఇనుము ముట్టరాదు. నీరు తగలరాదు. తాడు, మట్టి, గ్రీజు, పులుసు నిషేధం. ఉదయం సాయంత్రం ఒక మనిషి వచ్చి హాజరు పట్టీలో రాసుకుంటాడు. ఉంగరం హాజరు. నేను పని చెయ్యడం లేదు కాబట్టి, నూకయ్య గైర్హాజరు.

దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి చూసేవారు. మంగాయమ్మ అన్నం క్యారేజీ తెచ్చి ఎదురుగా చతికిలబడేది.

“గోరింటాకు పెట్టుకున్న పెళ్ళికూతుర్లా కూర్చున్నావయ్యా! ఎండిందా? పండిందా? చెంచాతో పులుసన్నం తినే మొగుడు నాకొక్కదానికే దొరికాడు. ఊళ్ళో ఆడోళ్ళందరూ చూసి పోతామంటన్నారు, టిక్కెట్టు పెట్టనా?”

నేను చెంచాతో తిన్నాను. ఏం చెయ్యను.

నాలుగో రోజు దావీదు వచ్చాడు. శివారు రైతు. మా కాలవ చివర, ఏడు మైళ్ళ అవతల, నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. ముందు దిండు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నవ్వలేదు.

“బాబాయ్, నీళ్ళు కట్టేసి అయిదు రోజులండి. ఆకుమడి నెర్రెలిచ్చేసింది. నారు కొసలు ఎర్రబడ్డాయి. ఇంకో రెండ్రోజులు ఆగితే పశువులకి కోసెయ్యడమే. మళ్ళీ పోద్దామంటే ఇత్తనాల్లేవు, అదునూ లేదు. పంట లేపోతే ఆ చేను వచ్చే ఏడు నాకివ్వరు. నాకా చేనొక్కటేనండి.”

నేను చేతి మీది ముద్ర చూపించాను.

“పోనీ నేనెత్తుతానండి. మీరు చెప్పండి, నేను తిప్పుతాను.”

హాజరు రాసే మనిషి అప్పటికే సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. సరేనన్నాను. దావీదు చక్రం పట్టుకుని నాలుగు చుట్లు తిప్పాడో లేదో షట్టరు ఒక పక్కకి ఒరిగి మూలిగింది. ఆపమన్నాను. మెల్లగా వెనక్కి తిప్పించి మళ్ళీ దింపించాను. అది చెప్పి చేయించే పని కాదు. మర అరిగిన ఊస. ఒక చేత్తో తిప్పుతూ ఇంకో అరచెయ్యి ఊస మీద ఉంచాలి. ఎక్కడ పట్టేస్తోందో అరచేతికి తెలుస్తుంది, అక్కడ ఆగి సర్దాలి. బలవంతం చేస్తే వంకరగా ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఆ ఏటికి ఇక శివారుకి నీళ్ళుండవు.

ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. చెయ్యి దిండు మీద పెట్టుకునే వెళ్ళాను. దిండు దావీదు పట్టుకున్నాడు.

పరబ్రహ్మంగారు అంతా విన్నారు. “శివారు భూముల సమస్య శాఖ దృష్టిలో ఉన్నది. ప్రత్యామ్నాయ లస్కరు నియామకమునకు ప్రతిపాదనలు పంపుచున్నాము.”

“ఎప్పటికండి?”

“వచ్చే సాగుకి.”

“ఈలోగా ఓ గంట ఆ ఉంగరం తీయించండి బాబూ” అన్నాడు దావీదు.

“తీసిన క్షణమే అది నిత్యధారణ కాకుండాపోవును. పథకమే కూలును.”

“పోనీ ఎడం చేత్తో?”

“ఎడమ చెయ్యి తిరిగిన కుడి చెయ్యి అదురును. రాయి కదులును. తొమ్మిదవ నిబంధన.”

దావీదుకి ఒళ్ళు మండింది. “మరి ఊపిరి పీలుస్తున్నాడు కదండీ! దానికి అదరదా?”

పరబ్రహ్మంగారు నా ఛాతీ వైపు చూశారు. “సోమేశం, ఆ అంశము పరిశీలనలో ఉంచండి” అన్నారు. సోమేశంగారు రాసుకున్నారు.

బయటికి వచ్చాక దావీదు దిండు నా ఎడం చేతికిచ్చి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ముద్ర పగలగొట్టి షట్టరు ఎత్తెయ్యవచ్చు. ఎత్తితే సస్పెండు చేస్తారు, లాకు దగ్గరికి మరి రానివ్వరు. అప్పుడు ఒక్కసారి వచ్చిన నీళ్ళతో దావీదుకేం ఒరుగుతుంది? వంతు వంతుకీ ఎత్తాలి, దించాలి. కోతల దాకా ఎవడో ఒకడుండాలి. ఇంటికి వచ్చి చెంచా చేత్తో పట్టుకుని అలా కూర్చుండిపోయాను.

“తిను” అంది మంగాయమ్మ. “పనీ పాటా లేకుండా కూర్చున్నావు. ఇంతకంటే సెలవు పెట్టినోడు నయం. ఆడి చేతులన్నా ఆడివి.”

నేను చెంచా కింద పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి చీటీ ఇచ్చాను. ‘సొంత పని ఉన్నందున సెలవు కావలెను.’ సోమేశంగారు చీటీని అటూ ఇటూ తిప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా పేరున సెలవు చీటీ ఆయన చూడలేదు.

“ఎన్ని రోజులు?”

“పని అయ్యేదాకా.”

“ఏం పని?”

“సొంత పని.”

సెలవులు కొండలా పేరుకుని ఉన్నాయి. ఇవ్వనని చెప్పడానికి వీల్లేదు. పరబ్రహ్మంగారు ‘తిరిగి విధులలో చేరు వరకు మంజూరు’ అని రాసి సంతకం చేశారు. అప్పుడు సోమేశంగారు గొంతు సవరించుకున్నారు.

“అయ్యా, సెలవులో ఉన్న మనిషి చెయ్యి శాఖది కాదు. కాని ఉంగరం రోజూ ధరింపబడవలెను గదా.”

“అవును. ఇన్‌ఛార్జి వేయవలెను.”

మా శాఖలో ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ బాధ్యతకి ఇంకొకరిని ఇన్‌ఛార్జి వేస్తారు. కుర్చీ ఖాళీ ఉండకూడదు. వేలు మాత్రం ఎందుకుండాలి? అయితే విలువైన వస్తువు కిందివాళ్ళకి ఇవ్వరాదు, పైవాళ్ళకే ఇవ్వాలి. నా పైన సూపర్‌వైజరు పోస్టు ఖాళీ. ఆ పైన అసిస్టెంటు ఇంజనీరు నిత్యధారణ పథకం మీద శిక్షణకి వెళ్ళాడు. ఆ పైన పరబ్రహ్మంగారే.

“శాఖ ప్రయోజనము దృష్ట్యా తప్పదు” అన్నారు ఆయన. అంటూనే కుడి చెయ్యి ముందుకి చాపేశారు. తలగడ కింద పెట్టుకున్న ఆ మూడు రాత్రుల నుంచీ ఆయన మనసు దాని మీదే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఇద్దరు సాక్షుల ఎదుట నా ముద్ర పగలగొట్టారు. కొబ్బరినూనె రాసి ఉంగరం లాగారు. ఆయన వేలికి అది నున్నగా ఎక్కేసింది. దారం చుట్టి, లక్క కరగబోసి ముద్ర గుద్దారు. ఆయనకీ కాలింది. సోమేశంగారు చప్పట్లు కొట్టారు.

“ఇన్‌ఛార్జి తీసుకున్నట్టు ఇక్కడ సంతకం చెయ్యండి” అని కాగితం ముందు పెట్టారు.

పరబ్రహ్మంగారు పెన్ను తీసుకున్నారు.

“అయ్యా, ఆగండి!” అన్నారు సోమేశంగారు. “అయిదవ నిబంధన. ఇనుము ముట్టరాదు. పెన్ను పాళీ ఇనుమే కదండీ. ఏడవది, గరుకు వస్తువులకు రాయి రాసుకొనరాదు. కాగితం...”

“ఆ నిబంధనలు ఎవరు వ్రాసిరి?”

“తమరేనండి.”

“అయితే సడలించుచున్నాను. ఉత్తర్వు సిద్ధం చేయుము.”

“సిద్ధం చేస్తానండి. దాని మీద తమరు సంతకం చెయ్యాలి.”

పరబ్రహ్మంగారు పెన్నువైపు చూశారు. “ఎడమ చేతితో చేసెదను.”

“తొమ్మిదవ నిబంధనండి. పైగా ఆ సంతకం తమరిదని ఎవరూ ఒప్పుకోరు.”

“పై కార్యాలయమునకు వ్రాయుము.”

“సంతకం లేని కాగితం పై కార్యాలయం తీసుకోదండి.”

ఆయన నా వైపు తిరిగారు. మొహంలో ఇదివరకు నేను చూడని మర్యాద కనిపించింది. “నూకయ్యా, నువ్వు రేపే విధులలో చేరిపో. ఉంగరం నీకిచ్చేస్తాను.”

నా తరఫున సోమేశంగారే చెప్పారు. “చేరినట్టు తమరు సంతకం చెయ్యాలండి.”

బల్ల మీద ఫైళ్ళు నా నడుమెత్తున ఉన్నాయి. కింద ఇంకా ఉన్నాయి. నేను తెచ్చిన పట్టు దిండు చంకలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి మెల్లగా పట్టుకుని దాని మీద సర్దాను.

“ఉంగరం హాజరు” అని పట్టీలో రాశారు సోమేశంగారు. తర్వాత కాసేపు ఆలోచించి, పరబ్రహ్మంగారి పేరు ఎదురుగా కూడా ఏదో రాశారు. నేను చూడలేదు.

మర్నాడు తెల్లవారకుండానే లాకు దగ్గరికి వెళ్ళాను. హాజరు రాసే మనిషి లేడు. ఉంగరం అక్కడ లేదు కదా. ఇక నన్ను సస్పెండు చెయ్యాలన్నా సంతకం పెట్టే చెయ్యి లేదు. అరచెయ్యి ఊస మీద పెట్టి షట్టరు ఎత్తాను. మామూలుగా అయితే ఎత్తాక అక్కడే ఉండాలి, అది డ్యూటీ. సెలవులో ఉన్నాను కాబట్టి నీళ్ళ వెంట నడిచాను. ఎండిన కాలవలో మొదటి నీళ్ళు మనిషి నడకే నడుస్తాయి. ముందు నురగ, ఎండుటాకులు, చీమల గుంపులు, వెనక నీళ్ళు. తూటికాడలు అడ్డం పడ్డ చోటల్లా దిగి లాగేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళు వదిలాను గాని, అవి ఎక్కడి దాకా పోతాయో ఎప్పుడూ చూడలేదు. పొద్దు బారెడెక్కేసరికి శివారు చేరాం.

దావీదు గట్టున గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో కొడవలి ఉంది. నీళ్ళని చూశాడు. బురదలో మోకాళ్ళ దాకా ఉన్న నన్ను చూశాడు.

“ఉజ్జోగం పోయిందా బాబాయ్?” అన్నాడు.

“సెలవు” అన్నాను.

అని, వంగి, ఆకుమడిలోకి నీళ్ళు వెళ్ళే బోదెకి అడ్డం పెట్టిన మట్టి రెండు చేతులా తీసేశాను.